క్యానోపీ వాక్: ఊగే వంతెన మీద అపోహలు, వాస్తవాలు

తలకోనకు పోయే ప్రతి గుంపులోనూ క్యానోపీ వాక్ (చెట్ల నడుమ ఎత్తున కట్టిన తాళ్ళ వంతెన) మెట్ల దగ్గర ఒకరు ఆగిపోతారు. "అబ్బో, ఊగతా ఉంది, నేను రాను" అంటారు. మిగిలినవాళ్ళు నవ్వుకుంటూ ఒకరి వెనక ఒకరు ఎక్కేస్తారు. ఇద్దరిదీ పొరపాటే. ఊగడం ఆ వంతెన గుణం, ప్రమాదం ఉంటే అది వేరేచోట ఉంటుంది.

అపోహ: తలకోనలో నడిస్తే వర్షారణ్యం పైన నడిచినట్టే.

తలకోనది శేషాచలం కొండల ఆకురాల్చే అడవి. ఇక్కడి వంతెన సుమారు 240 మీటర్ల పొడవు, 35 నుంచి 40 అడుగుల ఎత్తు, అంటే 11, 12 మీటర్లు. వర్షారణ్యంలో కొమ్మలూ ఆకులూ కలిసిపోయే పైకప్పు మొదలయ్యేదే 30 మీటర్ల దగ్గర. అందుకే మలేషియాలోని తమన్ నెగారాలోనూ, ఘనాలోని కాకుమ్‌లోనూ (1995లో తెరిచారు) వంతెనలు 40 మీటర్ల ఎత్తు దాకా పోతాయి. రువాండాలోని న్యుంగ్వేలో లోయ మీద ఒకచోట 70 మీటర్లు. అక్కడ తాళ్ళను చెట్లకు కాకుండా ఉక్కు స్తంభాలకు కట్టారు. బోర్నియోలో 2019లో కొలిచిన ఒక ఎల్లో మెరాంటి చెట్టు 100.8 మీటర్లు తేలింది. మన తిరుమల కొండల్లో పెరిగే జాలారి కూడా ఆ కుటుంబం చెట్టే.

అపోహ: తాడు ఎంత బిగువుగా లాగి కడితే వంతెన అంత గట్టిది.

ఉన్న అపోహలన్నిటిలో చేటు చేసేది ఇదే. బట్టలారేసే తీగను బిర్రుగా కట్టి తడి దుప్పటి వేసి చూడండి, గోడలో మేకు ఊడొస్తుంది. వంతెన లెక్కా అంతే. 40 మీటర్ల వంతెన మీద పలకలు, మనుషులు కలిపి మీటరుకు 50 కిలోలు అనుకుందాం. మీటరు బరువును పొడవు వర్గంతో గుణించి, మధ్యలో దిగిన వంపుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే తాళ్ళ మీద పడే లాగుడు వస్తుంది. వంపు 2 మీటర్లు ఉంటే 5,000 కిలోలు. చూడ్డానికి చదునుగా ఉండాలని వంపును ఒక మీటరుకు తగ్గిస్తే అదే బరువుకు 10,000 కిలోలు. చెట్టుకు కట్టిన చోట ఈ లాగుడంతా పక్కకే పడుతుంది. అందుకే చెట్టు వెనక మరో చెట్టుకో, నేలలో పాతిన లంగరుకో దన్నుతాడు ఉండాలి. మధ్యలో బాగా కిందికి దిగిన వంతెనను చూసి వదులైపోయిందని అనుకోవద్దు.

అపోహ: చెట్టు పెరిగేకొద్దీ వంతెన చివర దానికి బిగించిన వేదిక కూడా పైకి పోతుంది. మేకు కొడితే చెట్టు చచ్చిపోతుంది.

చెట్టు ఎత్తు పెరిగేది కొసల్లోనే. మానుకు 10 మీటర్ల ఎత్తులో బిగించిన వేదిక యాభై ఏళ్ళకైనా అక్కడే ఉంటుంది. పెరిగేది మాను చుట్టుకొలత, అసలు చిక్కంతా దానితోనే. తాడును నేరుగా మానుకు చుట్టి బిగిస్తే కొన్నేళ్ళకు బెరడులోకి దిగబడుతుంది. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకు దిగేది బెరడు లోపలి పొరలోంచే కాబట్టి, ఆ దారి చుట్టూ మూసుకుపోతే చెట్టు నిలువునా ఎండుతుంది. అడ్డంగా ఒక బోల్టు దిగితే చెట్టు ఆ గాయం చుట్టూ కణజాలం పెంచి మూసేసుకోగలదు, చుట్టూ బిగిసిన పట్టీకి అట్లాంటి విరుగుడు లేదు. కాకుమ్‌లో మేకులూ బోల్టులూ లేకుండా ఉక్కుతాళ్ళతోనే కట్టారు. అట్లా కట్టాలంటే తాడుకూ బెరడుకూ మధ్య నిలువుగా చెక్క దిమ్మలు పెట్టాలి, మాను లావయ్యేకొద్దీ వదులు చేస్తూ పోవాలి. కట్టేముందు మానును చెక్కసుత్తితో కొట్టి చూస్తారు. బోలుగా మోగినా, చెట్టు మొదలు దగ్గర గట్టి పుట్టగొడుగులు పుట్టుకొచ్చినా ఆ చెట్టును వదిలేస్తారు.

అపోహ: ఉక్కుతాడు తెగిందంటే మధ్యలోనే తెగుతుంది.

ముందు చూడాల్సింది చివర్లు. తాడును కంటిలా మడిచి, లోపల థింబుల్ (తాడు నలగకుండా కంటి లోపల ఉంచే లోహపు గాడి) పెట్టి, బుల్‌డాగ్ క్లాంపులు (మడిచిన తాడు రెండు పాయలను కలిపి నొక్కి పట్టే బిగింపులు) బిగించే చోటు. క్లాంపులో గాడి ఉన్న దిమ్మ బరువు మోసే తాడు వైపు, యూ బోల్టు కోసిన కొస వైపు ఉండాలి. తిరగేసి వేస్తే యూ బోల్టు మోసే తాడునే నలిపేస్తుంది, పైనుంచి చూసేవాళ్ళకు తేడా తెలియదు. 12 మిల్లీమీటర్ల తాడుకు కనీసం మూడు క్లాంపులు, వాటి మధ్య తాడు మందానికి ఆరు రెట్ల ఎడం, అంటే ఏడు సెంటీమీటర్ల పైచిలుకు. అన్నీ సరిగ్గా వేసినా దక్కేది తాడు బలంలో 80 శాతమే. బరువు పడ్డాక తాడు కాస్త సన్నబడి నట్లు వదులవుతాయి, మళ్ళీ బిగించకపోతే జారుతుంది.

తాడును ఒట్టి చేత్తో తడమకూడదు. నూలుగుడ్డ చుట్టి జరుపుతూ పోతే తెగిన తీగ దగ్గర గుడ్డ తట్టుకుంటుంది. ఒక పేట (తీగలు కలిపి పేనిన పాయ) తాడు చుట్టూ ఒక పూర్తి మెలిక తిరిగే పొడవులో రెండు తీగల కంటే ఎక్కువ తెగినా, చివరి బిగింపు దగ్గర ఒకటి కంటే ఎక్కువ తెగినా ఆ తాడు మార్చాల్సిందే.

అపోహ: అందరూ కలిసి ఒకే అడుగు వేస్తే ఊగదు.

సరిగ్గా తలకిందులు. మనిషి సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాడు, పక్కలకు తోపు సెకనుకు ఒకసారి. వంతెన సహజంగా ఊగే వేగం దానికి దగ్గరగా ఉంటే ఊపు పెరుగుతూ పోతుంది. లండన్‌లో మిలీనియం వంతెనను 2000లో తెరిచిన రెండు రోజులకే మూసేయడానికి కారణం ఇదే. ఊపు పెరిగితే ఆగి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడాలి. ఎడం ఉంచి, అడుగులు కలవకుండా నడవాలి. చేతితాడును పట్టుకుంటే చాలు, పక్కకు లాగితే పలకలు వంకరపోతాయి. చూపు పాదాల మీద కాకుండా అవతలి వేదిక మీద ఉంటే తల తిరగదు.

అపోహ: పైకి పోతే జంతువులు బోలెడు కనబడతాయి.

తెల్లవారుజామున, మాట్లాడకుండా పోతే కొన్ని కనబడతాయి. పది గంటలకు పిల్లల కేకలతో పోతే ఆకులే. వర్షారణ్యం నేలకు చేరే వెలుతురు ఒకటి రెండు శాతమే, పైన మాత్రం ఎండ, ఉక్కపోత. టోపీ, నీళ్ళు కింద కంటే పైనే ఎక్కువ అవసరం.

అపోహ: వాన ఆగిందంటే ఎక్కొచ్చు.

పలకల మీద పాచి వాన ఆగిన చాలాసేపటికి గానీ ఆరదు, హవాయి చెప్పులతో ఎక్కడం జారిపడ్డానికే. ఉరుము వినబడితే వంతెన దిగాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఎక్కకూడదు. మన దగ్గర అక్టోబరు, నవంబరు వానల్లో మధ్యాహ్నం ప్రయాణం పెట్టుకునేవాళ్ళు టికెట్ తీసుకునే ముందే ఆకాశం చూసుకోవడం మేలు.