తుఫాను సాయం కింద డబ్బులిస్తే... అపోహలు - వాస్తవాలు

మాది ఒడిశాలో బరంపురం. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పటి నుంచి గంజాం, గజపతి జిల్లాల్లో రిలీఫ్ పనిలో ఉన్నాను. తుఫాను వచ్చిన ప్రతిసారీ చందాలిచ్చేవాళ్ళు, సర్పంచులు, ఆఖరికి మా ఇంట్లోవాళ్ళు కూడా ఒకటే మాట, బియ్యం పప్పు ఇవ్వండి గానీ చేతికి డబ్బులెందుకండీ అని. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: డబ్బులిస్తే తాగేస్తారు

ఎక్కువసార్లు విన్నదీ, విన్నప్పుడల్లా బాధేసేదీ ఇదే. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు వేరే వేరే దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలు కలిపి చూస్తే, నగదు సాయం వల్ల సారా, పొగాకు ఖర్చు పెరిగిందనడానికి దాదాపు ఎక్కడా ఆధారం దొరకలేదు. మేం కూడా డబ్బులు ఇచ్చిన కొన్ని వారాలకి ఇంటింటికీ వెళ్ళి దేనికి వాడారని అడుగుతాం, బియ్యం, ఆస్పత్రి ఖర్చు, ఇంటిమీదకి రేకులు, సావుకారు బాకీ, ఎక్కువగా ఇవే చెప్తారు. బాకీ కట్టారంటే మా ఆఫీసుల్లోనే కొందరికి నచ్చదు, కానీ పాతది కొంతైనా తీర్చకపోతే రేపు డీజిల్‌కి అప్పు పుట్టదు, పడవ ఒడ్డునే ఉండిపోద్ది, అప్పుడు ఇల్లెలా గడుస్తుంది చెప్పండి. తాగేవాడు ఒకడో ఇద్దరో ఉంటారు, లేరనను, వాడు మీరిచ్చిన బియ్యం అమ్మి కూడా తాగుతాడు.

అపోహ: సామానిస్తే వృథా పోదు

గోపాలపూర్ పక్కన మన తెలుగు జాలర్ల వాడలో ఒకావిడకి మూడు సంస్థలు మూడు టార్పాలిన్లు ఇచ్చాయి. ఒకటి కప్పుకుంది, రెండు సగం ధరకి అమ్మేసింది. ఎందుకమ్మా అంటే, "వల చిరిగిపోయింది బాబూ, దారం కావాల, ఈ టార్పాలిన్లు ఏటి చేసుకోను" అంది. ఆ రెండింటి మీదా పోయిన సగం డబ్బు మొదటే ఆవిడ చేతికి ఇచ్చుంటే ఇంకో బండిల్ దారం వచ్చేది.

వోచర్, అంటే కొట్లో చూపించి సరుకు తీసుకునే చీటీ, మా ఊళ్ళల్లో కూపన్ అంటారు, దాంతో ఈ గొడవ ఉండదు అనుకుంటారు. నేను పనిచేసిన ఒకచోట ఆఫీసులో కూర్చుని కూపన్ మీద పప్పు, నూనె, సబ్బు అని రాసేశాం, దారం రాయలేదు. జనం పప్పు తీసుకుని అదే కొట్టువాడికి తక్కువకి తిరిగిచ్చేసి డబ్బులు పట్టుకెళ్ళారు. తప్పు మాదే, ముందు వెళ్ళి అడగలేదు. కూపన్ ఎప్పుడు పనికొస్తుందంటే, విత్తనాల్లాగ నాణ్యత చూసుకోవాల్సిన సరుకైనప్పుడు. అది కూడా కొట్టువాళ్ళతో ముందే రేటు మాట్లాడి గోడమీద అంటించాలి, లేకపోతే కూపన్‌కో రేటు, డబ్బుకో రేటు అయిపోద్ది.

అపోహ: ఎక్కడైనా డబ్బులిచ్చేస్తే చాలు

ఇది మా ఫీల్డ్‌లోవాళ్ళకే ఉండే అపోహ. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది, గజపతి కొండల్లో వరదలు, చరియలు విరిగిపడి దారులు తెగిపోయాయి, అలాంటిచోట కొట్లోకి సరుకే రాదు, నోట్లు ఇచ్చి ఏం లాభం. ముందు తిండి, కప్పుకోడానికి టార్పాలిన్ చేరాలి, కొట్లు తెరిచాక డబ్బు. అదే హైవే పక్కన ఇచ్ఛాపురం, బరంపురం వైపు అయితే రోడ్డు క్లియర్ అవగానే లారీలు తిరుగుతాయి, కొట్లు నిండుతాయి. కాబట్టి ముందు బజారు చూడాలి. బియ్యం, నూనె, రేకులు ఎంతకి అమ్ముతున్నారో నాలుగు కొట్లలో వారం వారం రాసుకుంటే ధరలు పెరుగుతున్నాయా లేదా మనకే తెలుస్తుంది.

అపోహ: ఇవన్నీ చిన్న ఎన్జీవోల ప్రయోగాలు

కాదు. 2018 వరదల్లో కేరళ ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు ఖాతాల్లో వేసింది. టర్కీలో 2016 నుంచి సిరియా శరణార్థులకి నెలనెలా కార్డులో డబ్బు వేశారు, 15 లక్షల మందికి పైగా.

అపోహ: ఖాతాలో పడితే చేతికి అందినట్టే

తాడు లాగి లాగి వేళ్ళు అరిగిపోయిన ఒక తాత, వేలిముద్ర వేస్తే డబ్బులిచ్చే మినీ బ్యాంకు మిషన్ మీద ఐదుసార్లు వేలు పెట్టాడు, తుండుతో తుడుచుకుని మళ్ళీ పెట్టాడు, పడలేదు. రేపు రమ్మన్నారు. మర్నాడు కూడా అంతే. రెండు రోజుల కూలి పోయింది, ఆటో ఖర్చు వేరే. అప్పట్నుంచి పేర్లు రాసుకునేటప్పుడే వేలిముద్ర పడుతుందో లేదో, బ్యాంకు ఎంత దూరమో అడుగుతున్నాం, పడనివాళ్ళకి ఊళ్ళోనే ఇద్దరు సాక్షుల ముందు కవర్లో పెట్టి చేతికే ఇస్తున్నాం.