పక్కవారి పొగ, ధూమపాన నిషేధ చట్టం: అపోహలు - వాస్తవాలు

ఛాతీ వైద్యుని ఓపీలో "మీకు పొగ తాగే అలవాటుందా?" అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "మీ పక్కన ఎవరైనా తాగుతారా?" మొదటి ప్రశ్నకు "అబ్బే, లేదండీ" అన్న గృహిణి, రెండో ప్రశ్నకు మాట్లాడకుండా పక్క కుర్చీలోని భర్త వైపు చూస్తుంది. బహిరంగ ప్రదేశాల్లో ధూమపానాన్ని నిషేధించిన చట్టాలు ఇలాంటివారి కోసం వచ్చినవే. వాటి గురించి తరచుగా వినబడే కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: చట్టం కాగితాల మీదే ఉంటుంది, పీల్చే గాలి మాత్రం మారదు.

వాస్తవం: మారుతుంది, ఆ మార్పును కొలవవచ్చు కూడా. పక్కవారి పొగ ద్వారా మన ఒంట్లోకి చేరిన నికోటిన్ అక్కడ కొటినైన్‌గా మారి, ఒకటి రెండు రోజుల పాటు లాలాజలంలో కనిపిస్తుంది కనుక, ఎవరు ఎంత పొగ పీల్చారో వారి మాట మీద ఆధారపడకుండానే తెలుసుకోవచ్చు. స్కాట్లాండ్‌లో 2006 మార్చి 26న పబ్బులు సహా దాదాపు అన్ని మూసివున్న బహిరంగ ప్రదేశాల్లో నిషేధం అమలులోకి వచ్చింది. ఆబర్డీన్, ఎడిన్‌బరో నగరాల్లోని 41 పబ్బుల్లో ఘనమీటరు గాలికి సగటున 246 మైక్రోగ్రాములున్న సూక్ష్మ ధూళికణాలు, నిషేధం వచ్చిన రెండు నెలలకు 20కి పడిపోయాయి. పొగ తాగని పెద్దల లాలాజలంలో కొటినైన్ సుమారు 39 శాతం తగ్గింది. పబ్బుల్లో రోజంతా నిలబడి పనిచేసేవారికి ఈ అంకెల అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అపోహ: బయట తాగనివ్వకపోతే ఇంట్లో తాగుతారు, చివరికి నష్టపోయేది పిల్లలే.

వాస్తవం: ఈ భయం సహేతుకమైనదే, నిషేధానికి ముందు స్కాట్లాండ్‌లోనూ చాలామంది ఇదే మాట అన్నారు. అయితే అక్కడ పదకొండేళ్ల ప్రాయపు బడిపిల్లల లాలాజలాన్ని నిషేధానికి ముందూ తర్వాతా పరీక్షిస్తే, పెరగడం మాట అటుంచి, కొటినైన్ సగటున 39 శాతం తగ్గినట్లు తేలింది. మన దేశంలో పెద్దలపై జరిగిన పొగాకు సర్వేలు కూడా దాదాపు ఇదే సూచిస్తున్నాయి: ఇంట్లో ఇతరుల పొగకు గురయ్యేవారు 2009-10లో 52.3 శాతం ఉండగా, 2016-17 నాటికి 38.7 శాతానికి తగ్గారు. ఈ తగ్గుదల అంతా చట్టం ఘనతే అనను, ఎందుకంటే ఆ మధ్యకాలంలో పొగ తాగేవారి సంఖ్యే తగ్గింది. చట్టం పొగను ఇళ్లలోకి తరిమిందన్న వాదనకు మాత్రం ఈ అంకెల్లో ఆధారం దొరకదు.

అపోహ: నిషేధం పెడితే చాలు, గుండెపోట్లు సగానికి సగం తగ్గుతాయి.

వాస్తవం: ఈ అపోహ నిషేధాన్ని సమర్థించే మావైపు వారిదే, కనుక దీన్ని దాటవేయడం న్యాయం కాదు. అమెరికాలోని హెలెనా అనే చిన్న పట్టణంలో 2002లో ఆరు నెలలు నిషేధం అమలైన కాలంలో గుండెపోటు కేసులు సుమారు 40 నుంచి 24కి తగ్గాయని చెబుతూ కొందరు వక్తలు ఇప్పటికీ సభల్లో చప్పట్లు కొట్టించుకుంటారు. అంత తక్కువ కేసుల్లో హెచ్చుతగ్గులు సహజం. స్కాట్లాండ్‌లోని తొమ్మిది ఆసుపత్రుల్లో తీవ్ర గుండెజబ్బుతో చేరినవారు 17 శాతం తగ్గారు, ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు పొగ తాగనివారిదే. ఇంగ్లాండ్ మొత్తానికి వేసిన లెక్కలో చట్టం వల్ల వచ్చిన తగ్గుదల 2.4 శాతమే. నాకు ఆ చిన్న అంకె మీదే ఎక్కువ నమ్మకం, ఒక దేశమంతటికీ లెక్కిస్తే అది వందల గుండెపోట్ల విషయం.

అపోహ: విడిగా గది కట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలి గాలి మనిషితో పాటే బయటికి వస్తుంది, ఆ గది ఊడ్చే మనిషికి ఆపాటి రక్షణ కూడా ఉండదు. అయినా మన దేశపు 2003 నాటి పొగాకు చట్టం, దాని కింద వచ్చిన 2008 నిబంధనలు 30 లేదా అంతకు మించి గదులున్న హోటళ్లకు, 30 లేదా అంతకు మించి మంది కూర్చునే రెస్టారెంట్లకు, విమానాశ్రయాలకు ఈ వెసులుబాటు ఇచ్చాయి. అది నా దృష్టిలో చట్టానికి పడిన చిల్లు.

అపోహ: మనకు 2003 నుంచే చట్టం ఉంది కనుక ఆ పని అయిపోయింది.

వాస్తవం: బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించే నాలుగో సెక్షన్ ఆ చట్టంలో ఉంది, 2008 అక్టోబరు 2 నుంచి కొత్త నిబంధనలున్నాయి, 200 రూపాయల వరకు జరిమానా కూడా ఉంది. అయినా పైన చెప్పిన సర్వేల్లోనే, నాలుగు గోడల మధ్య పనిచేసేవారిలో పని చోట పొగ పీల్చేవారు 29.9 శాతం నుంచి 30.2 శాతానికి చేరారు, అంటే పరిస్థితి ఉన్నచోటే ఉంది. చట్టం చేరని ఇంట్లో తగ్గి, చట్టం ఉన్న పనిచోట తగ్గకపోవడం ఆలోచించవలసిన సంగతి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ వ్యక్తి పేరు బోర్డు మీద రాయాలని నిబంధన చెబుతుంది. ఈసారి ఏదైనా కార్యాలయానికి వెళ్లినప్పుడు గమనించండి: హెచ్చరిక పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాని కింద పేరు రాయవలసిన గీత ఖాళీగా ఉంటుంది, మెట్ల మలుపులో ఆర్పేసిన సిగరెట్టు పీకలుంటాయి. ఫిర్యాదు చేయదలచినవారు ముందుగా ఆ గీత మీద ఎవరి పేరు ఉండాలో అడగవచ్చు, అడిగే హక్కు వారికి ఉంది.