నడుం కలుక్కుమంటే మంచం ఎక్కేయాలా? అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్ షెడ్ల నుంచి నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "గేర్‌బాక్స్ దించుతుంటే నడుం కలుక్కుమందండీ, అప్పట్నుంచీ మంచం దిగలేదు."

అపోహ: నడుం పట్టేస్తే నెలా రెండు నెలలు కదలకూడదు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. బరువెత్తి పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లోనే సర్దుకుంటుంది, అదీ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉంటే ఇంకా త్వరగా. నొప్పి మరీ ఓర్చుకోలేనంత ఉంటే ఒకట్రెండు రోజులు నడుం వాల్చండి, తర్వాత మెల్లగా లేవాల్సిందే. పడుకునేకొద్దీ కండ బలం పోతుంది, నడుం బిగుసుకుపోతుంది, కూలీ పోతుంది, అప్పు పెరుగుతుంది.

ఆ మధ్య ఓ హెల్పర్ కుర్రాడొచ్చాడు. కూర్చోమంటే రెండు చేతులూ టేబుల్‌కి ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఎమ్మారై రిపోర్టులో 'డిస్క్ బల్జ్' (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త కాస్త ఉబ్బడం) అన్న చోట ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీశారు, అది చూసినప్పట్నుంచీ వాళ్లమ్మ నీళ్ల బిందె కూడా ముట్టనివ్వట్లేదట. నొప్పే లేనివాళ్లకి స్కాన్ తీసినా 20 ఏళ్ల వయసులో నూటికి సుమారు 30 మందిలో, 80 ఏళ్లకి 84 మందిలో బల్జ్ కనిపిస్తుంది. కాళ్ల బలం, స్పర్శ చూశాను, బాగున్నాయి, ఆ రోజే వరండాలో నడిపించాను. అతని భయం నాకు అర్థమవుతుంది, కానీ "మా బావకీ ఇలాగే మొదలై కాళ్లు పడిపోయాయి" అని చెప్పి పోయేవాళ్లని చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అయితే మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

బెల్టు కట్టుకుంటే దెబ్బ తగలదా? అలాంటి రుజువేమీ లేదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకోవడం? అస్సలు వద్దు.

"ఒంట్లో సత్తువుంటే ఎంతైనా ఎత్తొచ్చు" అంటారు మేస్త్రీలు. పనిచోట భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ లెక్కలో, పట్టు, ఎత్తు, దూరం అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కిలోలే హద్దు. వంగి, చేతులు చాచి, నడుం పక్కకి తిప్పితే అది ఇంకా తగ్గుతుంది. లారీ గేర్‌బాక్స్ ఆ హద్దుకి ఎన్నో రెట్లు, కాబట్టి ఎంత తొందరున్నా చైన్ బ్లాక్ తగిలించి దించండి.

ఇంకొకటి, ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్లు "చిన్న దెబ్బే కదా" అని వదిలేయకుండా అదే రోజు యజమానితో ప్రమాదం రాయించండి. పనిలో తగిలిన గాయంగా నమోదైతే, డాక్టరు పని చేయలేరని రాసిన రోజులకి జీతంలో దాదాపు 90 శాతం వస్తుంది.