పది కిలోమీటర్ల పెనం

చిన్నూ, మున్నీ,

బాల్కనీ గ్రిల్లుకు ఈ వానల్లో పట్టిన తుప్పు చూసి, "వంటింటి గ్యాస్ పైపు లోపల కూడా ఇలాగే పడుతుందా తాతయ్యా?" అని మున్నీ అడిగింది కదా. మన హైదరాబాద్ ఇళ్లకు వచ్చే గ్యాస్‌లోంచి తడి ముందే తీసేస్తారు, బెంగ లేదు. చిక్కంతా గ్యాస్ బావుల దగ్గర. అక్కడ గ్యాస్‌తో పాటు నీళ్లూ, కార్బన్ డయాక్సైడూ పైకొస్తాయి. రెండూ కలిస్తే గోళీసోడా లాంటి పుల్లనీళ్లు. అవి పైపు అడుగున చేరి ఉక్కును తింటాయి.

అందుకే పైపులోకి ఇన్‌హిబిటర్ అనే మందు పోస్తారు. అది ఒక కొసతో ఇనుమును పట్టుకుంటుంది, రెండో కొసతో నీళ్లను దగ్గరికి రానివ్వదు. మరి ఎంత పోయాలి?

నాకు పదేళ్లప్పుడు, గొప్ప పని చేస్తున్నాననుకుని, అమ్మ అట్ల పెనాన్ని చింతపండుతో తోమి అరుగు మీద పెట్టాను. రాత్రి వాన. తెల్లారేసరికి పెనం ఎర్రగా! అమ్మ తిట్టలేదు. తుప్పు వదలగొట్టి, సగం ఉల్లిపాయ చేతికిచ్చి నూనె రాయమంది. నేను గరిటెడు గుమ్మరించాను. అట్టు పెనానికి అంటదే! "పిండి ఎంతుందో కాదురా, పెనం ఎంతుందో చూడు" అంది. (అడగకుండా పెద్దపనులకు దిగకండి.)

ఇప్పుడు పది కిలోమీటర్ల పెనాన్ని గొట్టంగా చుట్టండి. లోపలి వ్యాసం 30 సెంటీమీటర్లు. చుట్టుకొలతను పొడవుతో గుణిస్తే సుమారు 9,400 చదరపు మీటర్లు. దాని మీద తలవెంట్రుక మందాన, అంటే 0.075 మిల్లీమీటర్ల పూత వెయ్యాలంటే దాదాపు 700 లీటర్లు. మన మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో ముప్పాతిక కూడా కాదు!

ఆ పూత అరిగిపోతూ ఉంటుంది. అట్టు అట్టుకీ నూనె చుక్క వేసినట్టు, తర్వాత రోజూ వచ్చే నీళ్లను బట్టి పోస్తారు. పదివేల లీటర్ల నీళ్లకు పది లక్షల్లో 50 వంతులంటే అర లీటరే. ఎక్కువైతే నురగ, తక్కువైతే తుప్పు. చాలిందో లేదో తెలియడానికి తూచిన ఉక్కు ముక్కను పైపులో పెట్టి, కొన్ని నెలలకు తీసి మళ్లీ తూస్తారు. పోయిన బరువే జవాబు.

ఇక్కడితో నా అట్ల పెనం పోలిక పనికిరాదు. పైపు అడుగున మందు ఉన్నా, పైపు లోపలి పైకప్పుకు పట్టిన చెమ్మ దాకా అది చేరకపోవచ్చు. ఆ సంగతి నాకు ఇప్పటికీ వింతే.

రెండు ఇనుప మేకులు తీసుకోండి. ఒకదానికి నూనె రాయండి. రెండింటినీ వేరువేరు గ్లాసుల్లో సగం మునిగేలా నిలబెట్టండి. తుప్పు ముందు నీళ్లలోపల వచ్చిందా, నీటి అంచునా? ఆదివారం ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య