డిఫాల్ట్ సెట్టింగ్‌లు ఎవరి చేతిలో ఉండాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లు ఆఫీసులకు, బడుల ల్యాబులకు కంప్యూటర్లు పెట్టి చూసుకోవడం నా పని. మెషిన్ అప్పజెప్పే ముందు ప్రతిసారీ ఒకటి తేల్చుకోవాలి: ముందే పెట్టి వచ్చే (డిఫాల్ట్) సెట్టింగ్‌లలో ఏది మార్చుకునేలా వాళ్ల చేతికి వదలాలి, ఏది వదలకూడదు? దీని మీద మా లైన్లో వాళ్లకే సరైన అవగాహన లేదు.

అపోహ: ఎన్ని సెట్టింగ్‌లు మార్చుకోనిస్తే అంత మంచి ఆపరేటింగ్ సిస్టమ్.

వాస్తవం: ఆన్, ఆఫ్ స్విచ్ ఒక్కటి పెంచితే పరీక్షించాల్సిన కాంబినేషన్లు రెట్టింపవుతాయి. పది స్విచ్‌లకు 1,024, ఇరవైకి 10,48,576. అన్నీ ఎవరూ పరీక్షించరు. పైగా చాలా ఆప్షన్లు వాడేవాళ్ల అవసరం కోసం పుట్టినవి కావు. తయారుచేసే దగ్గర ఇద్దరు ఇంజనీర్లు వాదించుకుని, తెగక, 'సరే, ఆప్షన్ పెట్టేద్దాం' అనుకుంటారు. వాళ్ల పంచాయితీ మన నెత్తిన పడుతుంది.

అపోహ: అయితే అన్నీ లాక్ చేసేయడమే మేలు. డిఫాల్ట్ పెట్టినవాళ్లకు మనకంటే ఎక్కువ తెలుసు.

వాస్తవం: తెలుసు, కానీ మీ మిల్లు సంగతి తెలియదు. చివరగా ఏ ప్రింటర్ వాడితే అదే డిఫాల్ట్ అయ్యే పద్ధతి విండోస్ 10లో 2015 నవంబరు అప్‌డేట్‌తో వచ్చింది. ఇంట్లో ఒక ప్రింటరు, ఆఫీసులో ఒక ప్రింటరు వాడే ల్యాప్‌టాప్ మనిషికి అది సుఖమే. మిల్లు ఆఫీసులో మాత్రం రెండూ ఒకే టేబుల్ మీద ఉంటాయి: కాంటా చీటీలకు డాట్ మ్యాట్రిక్స్, బిల్లులకు లేజర్. ఒక బిల్లు తీశాక తర్వాతి లారీ చీటీ లేజర్‌కు పోతుంది. ఏ4 కాగితం పైమూలన నాలుగు లైన్లు పడి బయటికొస్తుంది. గుమాస్తా దాన్ని చించి మళ్లీ కొడతాడు, బయట డ్రైవర్ హారన్ కొడుతుంటాడు. సెట్టింగ్స్‌లో ప్రింటర్ల పేజీలో, డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్‌కే వదిలే ఒక్క టిక్ తీసేసి చీటీల ప్రింటర్‌ను డిఫాల్ట్‌గా పెడితే ఈ బాధ ఉండదు. ఆ టిక్కే లేకపోతే ఏం చేసేవాళ్లం?

తేదీల సంగతీ ఇంతే. విండోస్‌లో రీజియన్ (దేశం) సెట్టింగ్ అమెరికా అని వదిలేస్తే 03/04 అంటే మార్చి 4, మన లెక్కలో ఏప్రిల్ 3. రెండూ ఉండే తేదీలే కాబట్టి ఎర్రర్ రాదు. 12వ తారీఖు దాటిన ఎంట్రీలను మాత్రం ఎక్సెల్ తేదీగా గుర్తించక, అక్షరాల్లాగా ఎడమవైపు పెడుతుంది. ఒకే కాలమ్‌లో తేదీలు కొన్ని కుడికి, కొన్ని ఎడమకు కనిపిస్తే ముందు రీజియన్ చూడండి.

నా లెక్క ఇది. ఊరిని బట్టో, భాషను బట్టో, పనిని బట్టో, కంటిచూపును బట్టో ఇద్దరికి నిజంగానే వేర్వేరు జవాబులుంటే అది మార్చుకునేలా ఉండాలి. అందరికీ ఒకటే జవాబైతే తయారుచేసినవాళ్లే తేల్చాలి.

అపోహ: ఆప్షన్ ఉంది కదా, డిఫాల్ట్ ఏదైతేనేం? కావాల్సినవాళ్లు మార్చుకుంటారు.

వాస్తవం: ఎక్కువమంది మార్చుకోరు. విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్, అంటే నెట్ నుంచి పిలవకుండా వచ్చేవాటిని ఆపే అడ్డుగోడ, మొదటినుంచీ ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆన్‌లో లేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ (ఒక రకం వైరస్) నెట్‌కు తగిలించిన మెషిన్లలోకి దానంతటదే దూరింది. 60 సెకన్ల కౌంట్‌డౌన్, రీస్టార్ట్, మళ్లీ అదే. 2004లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చి ఆ ఫైర్‌వాల్‌ను డిఫాల్ట్‌గానే ఆన్ చేసింది.

ఫైల్ ఎక్స్‌టెన్షన్లను (పేరు చివర ఫైలు రకం చెప్పే అక్షరాలను) దాచి ఉంచే డిఫాల్ట్ ఇప్పటికీ నాకు నచ్చదు. బిల్లు అని మెయిల్లో వచ్చిన ప్రోగ్రామ్ ఫైలు, పేరు చివర పీడీఎఫ్ అని కనపడుతూ కూర్చుంటుంది. అసలు ఎక్స్‌టెన్షన్ దాగి ఉంటుంది. నేనిచ్చే ప్రతి మెషిన్‌లో దీన్ని ముందే మార్చేస్తాను.

అపోహ: సెక్యూరిటీ సెట్టింగ్‌లు మాత్రం ఎవరికీ అందకూడదు.

వాస్తవం: తలుపు మూసేయక్కర్లేదు, కాస్త దూరం పెడితే చాలు. ప్లే స్టోర్ బయటి యాప్‌ల ఇన్‌స్టాల్‌కు ఫోన్ మొత్తానికీ ఉన్న ఒక్క స్విచ్‌ను 2017లో ఆండ్రాయిడ్ 8 తీసేసి, ఏ యాప్‌కు ఆ యాప్ విడిగా అనుమతి అడిగేలా చేసింది. మ్యాక్‌లో సిస్టమ్ ఫైళ్లను ఎవరూ కదపకుండా కాపాడే సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ ఆపాలంటే, రిపేరు కోసం ఉండే రికవరీ మోడ్‌లోకి బూట్ కావాలి. పని తెలిసినవాళ్లు ఎలాగూ చేసుకుంటారు. ఎవరో ఫోన్ చేసి 'అది నొక్కండి సార్' అంటే నొక్కేసేంత దగ్గర్లో ఉండదు, అదే కావాల్సింది.

బడి ల్యాబుల్లో నేను ఇన్‌స్టాలేషన్లు, కంట్రోల్ ప్యానెల్ లాక్ చేస్తాను. అక్షరాల సైజు, మౌస్ వేగం పిల్లలకు అందేలాగే ఉంచుతాను. ఇలా ఏరి లాక్ చేయడానికి నేను వాడేది గ్రూప్ పాలసీ ఎడిటర్. అది విండోస్ హోమ్ ఎడిషన్‌లో రాదు కాబట్టి, ల్యాబ్‌కు కొనేటప్పుడు కొటేషన్‌లో విండోస్ ప్రో అని రాయించుకోండి.