పంప్‌కిన్ పై, వదిన వాళ్ళ అమ్మమ్మ కార్డు, నీళ్ళ లెక్క

మా వదినది అమెరికాలోని ఒహాయో. ఏటా నవంబరు నాలుగో గురువారం, అంటే ఇక్కడి థాంక్స్‌గివింగ్ రోజు, మేమంతా తలో ఊరి నుంచి కార్లలో బయల్దేరి అన్నయ్య వాళ్ళింటికి చేరతాం. మిగతా వంటలు ఎవరి వంతు వాళ్ళు చేస్తారు, పంప్‌కిన్ పై మాత్రం, అంటే పిండి గిన్నెలో గుమ్మడికాయ పూర్ణం పోసి ఓవెన్‌లో కాల్చేది, వదినదే. వాళ్ళ అమ్మమ్మ చేత్తో రాసిన కార్డు ఒకటుంది. చూడకుండానే చెయ్యగలిగినా సరే, అది ముందు పెట్టుకునే చేస్తుంది. పోయినేడు పండక్కి వారం ముందు వదిన మెట్ల మీద జారిపడింది, కుడి మణికట్టు విరిగింది. చేతికి కట్టుతో వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, "ఈసారి నువ్వు చెయ్యి, నేను పక్కనే ఉంటాను" అని ఆ కార్డు నా చేతిలో పెట్టింది.

పోస్టుకార్డులో సగం ఉంటుంది. అంచుల్లో వెన్న మరకలు, ఒక మూల దాల్చినచెక్క పొడి ఇంకిపోయి గోధుమరంగు తేలింది. కొలతలు నాలుగైదు లైన్లలో అయిపోయాయి. మిగతాదంతా ఇలా ఉంది: "వెన్న రాయిలా ఉండాలి." "పిండిని విసిగించొద్దు." "నడిమధ్య ఇంకా వణుకుతుండగానే తీసెయ్యి." ఎందుకో ఒక్కదానికీ రాయలేదు. నేను చదివింది ఫుడ్ టెక్నాలజీ కాబట్టి ఆ కార్డు చదువుతుంటే నాకు ఒక్క సంగతే కనిపించింది. అందులో ఉన్న ప్రతి వాక్యం నీళ్ళ గురించే. పైలో నీళ్ళు ఎక్కడ ఉండాలి, ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు వెళ్ళిపోవాలి అన్నదే ఆవిడ రాసింది, నీళ్ళు అన్న మాట ఎక్కువ వాడకుండా.

ముందు క్రస్ట్, అంటే పూర్ణాన్ని పట్టి ఉంచే ఆ పిండి గిన్నె సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒకసారి సొంతంగా పై చేద్దామని మైదా, వెన్న, నీళ్ళు వేసి, చపాతీ పిండి కలిపిన చేత్తోనే పది నిమిషాలు బాగా మర్దించాను. చపాతీకి అదే మంచి పని, పై పిండికి అదే చేటు. కత్తితో కోస్తే తెగలేదు. గోధుమపిండిలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల ప్రోటీన్లుంటాయి. పొడిగా ఉన్నంతసేపూ అవి వేటికవి ఊరుకుంటాయి. నీళ్ళు తగిలాయా, ఒకదాన్నొకటి పట్టుకుని సాగే వలలా తయారవుతాయి, అదే గ్లూటెన్. మర్దించే కొద్దీ ఆ వల బలపడుతుంది. చపాతీ పిండికి పిండి బరువులో 60 శాతం పైనే నీళ్ళు పోస్తాం. కార్డులో ఉన్న లెక్క 160 గ్రాముల మైదాకి మూడు టేబుల్‌స్పూన్ల ఐసు నీళ్ళు, అంటే దాదాపు 45 మిల్లీలీటర్లు. 30 శాతం కూడా లేదు. ఆ కాస్త నీళ్ళతో పిండి ముద్ద కట్టాలి, వల మాత్రం గట్టిపడకూడదు. నేను రెండోసారి అరచేత్తో నొక్కబోతుంటే వదిన కుర్చీలోంచే "చాలు, ఇంక ముట్టుకోకు" అంది. చూస్తే గిన్నెలో అక్కడక్కడా పొడి పిండి కనిపిస్తోంది, నాకేమో చెయ్యి ఆగడం లేదు. ఆపేశాను. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టేసరికి ఆ ఉన్న నీళ్ళే సమంగా పాకి పొడంతా తడిసింది. సాగిన గ్లూటెన్ కూడా ఆ గంటలో సడలుతుంది కాబట్టి తర్వాత కర్రతో ఒత్తేటప్పుడు వెనక్కి ముడుచుకోదు.

ఇక వెన్న. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

ఒక ఏడాది నేను వెన్న బదులు నెయ్యి వేసి చేసి చూశాను, మన నెయ్యి వాసనకి ఏదీ సాటి రాదు కదా అని. రుచి బ్రహ్మాండంగా వచ్చింది, క్రస్ట్ మాత్రం పొరలు పొరలుగా విడలేదు, అచ్చం కజ్జికాయ అంచులా గుల్లగా వచ్చింది. తప్పు నెయ్యిది కాదు. కజ్జికాయల పిండిలో కాచిన నెయ్యి పోస్తాం చూడండి, ఆ కరిగిన నెయ్యి ప్రతి పిండి రేణువు చుట్టూ పూతలా పట్టి నీళ్ళని దగ్గరికి రానివ్వదు. గ్లూటెన్ తాళ్ళు పొడుగ్గా అల్లుకోలేవు, అందుకే కొరికితే పొడిపొడిగా రాలుతుంది. మనం గుల్లగా రావడం అనేది దీన్నే. పొరలు రావాలంటే ఇంకోటి కావాలి. కొవ్వు చల్లగా, గట్టిగా, ముక్కలుగానే ఉండిపోవాలి, ఆ ముక్కలో కాసిని నీళ్ళు దాగి ఉండాలి. అమెరికాలో అమ్మే వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు ఉండాలని చట్టం, మిగిలినదాంట్లో దాదాపు అంతా నీళ్ళే. నెయ్యి కాచేటప్పుడు చిటపటమని పోయేవి ఆ నీళ్ళే కాబట్టి నెయ్యిలో అవి ఉండవు.

చల్లటి వెన్నని బఠాణీ గింజలంత ముక్కలుగా పిండిలో కలిపి అప్పడాల కర్రతో ఒత్తితే ఆ ముక్కలు పల్చటి రేకుల్లా సాగి పిండి పొరల మధ్య చిక్కుకుంటాయి. వేడి ఓవెన్‌లో పెట్టగానే వెన్న కరిగి పిండిలోకి ఇంకుతుంది, వెన్న ఉన్న చోట సందు మిగులుతుంది, వెన్నలోని నీళ్ళు ఆవిరై ఆ సందుని పైకి తోస్తాయి. ఒక చిన్న చెంచాడు నీళ్ళు, అంటే 5 మిల్లీలీటర్లు, పూర్తిగా ఆవిరైతే 8 లీటర్లకి పైగా చోటు కావాలి. ఆ తోపుడుకే పొరలు విడతాయి. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, తాపేశ్వరం మడత కాజాలో పొరకీ పొరకీ మధ్య కొవ్వు రాసి మడతపెట్టేది ఇందుకే. కాకపోతే కాజాలో మడతలు మనిషి వేస్తాడు, పైలో ఆ పని వెన్న ముక్కలకి వదిలేస్తాం. వెన్న 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది, మన వేళ్ళ వేడి దానికి దగ్గరదగ్గరగా ఉంటుంది. పిండిని ఎక్కువసేపు చేతుల్లో పెట్టుకుంటే వెన్న కరిగి పిండిలో కలిసిపోతుంది, అప్పుడు మళ్ళీ కజ్జికాయే. వెన్న రాయిలా ఉండాలని ఆవిడ రాసిన మాట వెనక ఇంత ఉంది.

క్రస్ట్‌ని ముందు ఒట్టిగా కాల్చాలి. ప్లేటులో పరిచి, ఫోర్కుతో గుచ్చి, పైన కాగితం వేసి, దాని మీద ఎండు గింజలు పోస్తారు. వదిన నాకు అల్మారాలోంచి ఒక గాజు సీసా చూపించింది. అందులో రాజ్మా, వాళ్ళ అమ్మమ్మ కాలం నుంచీ అవే గింజలట, ప్రతి ఏడూ ఓవెన్‌లో వేగి వేగి నల్లబడి గులకరాళ్ళలా చప్పుడు చేస్తున్నాయి. ఆ బరువు లేకపోతే అడుగున పుట్టిన ఆవిరికి క్రస్ట్ పూరీలా పొంగుతుంది. పూరీ పొంగితే సంతోషిస్తాం, ఇక్కడ పొంగితే పూర్ణం పోయడానికి చోటుండదు. అసలు ముందే కాల్చడం ఎందుకంటే, లోపల పోసే పూర్ణం నీళ్ళతో నిండిన పదార్థం. నీళ్ళున్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీలు దాటదు. పిండి ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీల పైమాటే కావాలి. ఈ ఎర్రబడటాన్ని మొదట వివరించినవాడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయ్యార్, 1912లో, అందుకే దానికి ఆయన పేరు. పచ్చి పిండి మీద నేరుగా పూర్ణం పోస్తే ఆ తడి పక్కన అడుగు ఎర్రబడలేక ఉడికిన పిండిలా జిగురుగా మిగిలిపోతుంది.

గుమ్మడికాయ దగ్గర కాస్త ఆగాలి, మనవాళ్ళకి ఇది తెలియాలని నా కోరిక. అక్టోబర్ చివర హాలోవీన్‌కి కళ్ళూ నోరూ చెక్కి గుమ్మం ముందు పెట్టే గుమ్మడికాయలు చాలామటుకు కుకుర్బిటా పెపో అనే జాతివి. నీళ్ళ నీళ్ళగా, పీచుగా ఉంటాయి, పై చెయ్యడానికి బాగోవు. డబ్బాల్లో వచ్చే పంప్‌కిన్ గుజ్జు ఎక్కువగా ఇలినాయ్ రాష్ట్రంలోని మోర్టన్ ఊరి చుట్టుపక్కల పండే డికిన్సన్ అనే రకం నుంచి వస్తుంది, అది కుకుర్బిటా మోస్కాటా. సంక్రాంతికి మనం దప్పళంలో వేసే తీపి గుమ్మడికాయ కూడా ఎక్కువగా ఈ మోస్కాటా జాతే. అంటే వాళ్ళ పండగ పైలో ఉన్నదీ, మన పండగ పులుసులో ఉన్నదీ దగ్గరి చుట్టాలు. పుట్టిల్లు అమెరికా ఖండాలే, 1492లో కొలంబస్ ఇటు వచ్చిన తర్వాతే ఈ కాయ సముద్రాలు దాటి మన పొలాలకి చేరింది. వడియాలు పెట్టే బూడిద గుమ్మడి మాత్రం వేరే ప్రజాతి, దానికీ దీనికీ పేరులోనే పోలిక. ఈ మాట చెప్తే అమ్మ, "అయితే నేనూ తరుగుతాను ఇటివ్వు" అని కుర్చీ దగ్గరికి లాక్కుంది, తరగడానికేం లేదు, డబ్బా గుజ్జే అని చెప్పాల్సి వచ్చింది.

ఆ గుజ్జులో 90 శాతం నీళ్ళే. 425 గ్రాముల డబ్బాకి 380 మిల్లీలీటర్ల నీళ్ళు అక్కడే వచ్చాయి. దాని మీద ఒక డబ్బా ఎవాపరేటెడ్ మిల్క్. ఇది తీపి కలిపిన కండెన్స్‌డ్ మిల్క్ కాదు, ఉన్న నీళ్ళలో సగం పైనే ఇగిరేలా కాచిన పాలు. అయినా అందులో ఇంకో పావు లీటరు నీళ్ళుంటాయి. మొత్తం 600 మిల్లీలీటర్లు దాటాయి. ఈ నీళ్ళన్నిటినీ కత్తికి నిలిచే ముక్కగా పట్టి ఉంచేవి మూడు గుడ్లు. గుజ్జులోని పీచు కొంత సాయం చేస్తుంది, అసలు పని మాత్రం గుడ్లదే. తాజా కాయతో చేస్తే ముందు ఓవెన్‌లో కాల్చి, గుజ్జుని బాండీలో వేసి దగ్గరపడేదాకా కలుపుతూ ఉడికించమని కార్డు వెనక రాసుంది, అదీ నీళ్ళ లెక్కే.

గుడ్డులో ప్రోటీన్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. వేడి తగిలితే విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి, ఆ వల సందుల్లో నీళ్ళు నిలబడతాయి. ఒట్టి తెల్లసొన అయితే 62 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలవుతుంది. పాలు కలిపి పల్చన చేసి, చక్కెర కూడా వేశాక అవి అంత తొందరగా అతుక్కోలేవు, 80 డిగ్రీల దాకా వెళ్ళాలి. ఇంకా వేడెక్కనిస్తే వల బిగుసుకుపోయి పట్టుకున్న నీళ్ళని తనే పిండేస్తుంది. పై మధ్యలో బీటలు పడటం, పక్కల్నుంచి నీరు కారడం దీనివల్లే. జున్ను వండిన వాళ్ళకి ఇది చేతికి తెలిసిన విషయం, ఆవిరి మీద అవసరానికి మించి ఉంచితే జున్నుకి చిల్లులు పడి అడుగున నీళ్ళు ఊరతాయి. గుడ్డు, జున్నుపాలు వేరైనా రెండింటిలోనూ జరిగేది ప్రోటీన్లు బిగుసుకోవడమే.

అందుకే ఆ వణుకు. 220 డిగ్రీల్లో పావుగంట, తర్వాత 175కి తగ్గించి దాదాపు ముప్పావు గంట. ఓవెన్ తలుపు తీసి, వదిన చెప్పినట్టు ప్లేటు అంచు పట్టుకుని చిన్నగా కదిపాను. చుట్టూ రెండంగుళాల మేర కదల్లేదు, మధ్యలో అరచేతి వెడల్పున మాత్రం అప్పుడే తోడుకున్న పెరుగులా తొణికింది. నాకు టెన్షన్, ఇంకా పచ్చిగా ఉందేమోనని. "తీసెయ్, తీసెయ్" అంది వదిన. థర్మామీటర్ గుచ్చి చూస్తే మధ్యలో 79 డిగ్రీలు. బయటికి తీశాక కూడా అంచుల్లోని వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది, మధ్య భాగం ఆ వేడితోనే ఉడకడం పూర్తిచేసుకుంటుంది. పూర్తిగా గట్టిపడేదాకా ఓవెన్‌లో ఉంచితే ఈలోగా అంచులు చెడిపోతాయి. థర్మామీటర్ లేని వంటింట్లో ఆవిడ కంటితో పట్టుకున్న గీత నా అంకెకి ఎంత దగ్గరగా ఉందో చూసి ఆ కార్డుని రెండు చేతులా పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను.

తర్వాత రెండు గంటలు కదపకూడదు. వేడిగా కోస్తే వల ఇంకా కుదురుకోక ముక్క జారిపోతుంది. పిల్లలు పది నిమిషాలకోసారి వచ్చి చూసి వెళ్ళారు. రాత్రి భోజనాలయ్యాక కోస్తే క్రస్ట్ కత్తి కింద చిన్నగా కరకరలాడింది, ముక్క కోసినట్టే నిలబడింది. వదిన ఎడమ చేత్తో ఫోర్కు పట్టుకుని తిని, ఇంకో ముక్క అడిగింది.

మర్నాడు పొద్దున మిగిలిన ముక్కల్ని ఫ్రిజ్‌లోంచి తీశాం. గుడ్లూ పాలూ ఉన్నవి కాబట్టి రాత్రి బయట ఉంచలేదు. అమ్మ కాఫీతో పాటు ఒకటి తింటూ "నిన్నటి కరకర లేదేంటే?" అంది. రాత్రంతా పూర్ణంలోని తడి మెల్లగా పొడిగా ఉన్న క్రస్ట్‌లోకి పాకుతూనే ఉంటుంది, ఫ్రిజ్ దాన్ని ఆపలేదు. ఓవెన్‌లో పది నిమిషాలు పెడితే కొంత తిరిగి వస్తుంది, పెట్టనా అని అడిగాను. వద్దులే, ఇలాగే మెత్తగా బాగుందని రెండో ముక్క ప్లేటులో వేసుకుంది.