"ఈ జడ్జిని ఏ ప్రెసిడెంట్ వేశాడండీ?"

అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇమిగ్రేషన్ కేసులు చూస్తుంటాను. కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్ళాలనగానే చాలామంది అడిగేది ఇదే. నేను జవాబు చెప్పేలోపే ఫోన్‌లో వెతికేస్తారు. "ఆ పార్టీవాడా? ఇక దండగే కదండీ" అంటారు. ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉన్నప్పుడు టెన్షన్ సహజం. వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట మోసేవాళ్ళ మీదే నాకు చిరాకు.

అపోహ: ఎవరు వేస్తే జడ్జి వాళ్ళ మనిషి.

వాస్తవం: ఫెడరల్ జడ్జిది జీవితకాల పదవి. జీతం తగ్గించలేరు, అభిశంసన తప్ప తీసేసే దారి లేదు. వేసిన ప్రెసిడెంట్ కూడా దింపలేడు. సొంత అభిప్రాయాలు ఉండవా? ఉంటాయి. కానీ ఆ ఒక్క లెక్కతో తీర్పు చెప్పేయలేం.

ఫ్రాంక్ జాన్సన్ అనే ఫెడరల్ జడ్జినే చూడండి. అలబామాలో విన్‌స్టన్ కౌంటీ మనిషి, జాస్పర్ అనే చిన్న ఊళ్ళో లాయరు. 1952 ఎన్నికల్లో ఐసెన్‌హోవర్ కోసం పనిచేసిన రిపబ్లికన్. 1953లో ఫెడరల్ ప్రాసిక్యూటర్. 1955లో, అప్పటికి ప్రెసిడెంట్ అయిన ఐసెన్‌హోవరే అలబామా రాజధాని మోంట్‌గొమరీలో జడ్జిగా వేశాడు. పక్కా పార్టీ మనిషి అనేవాళ్ళు మనవాళ్ళు.

మరుసటి ఏడాదే సిటీ బస్సుల్లో నల్లవాళ్ళను విడిగా కూర్చోబెట్టే చట్టం మీద కేసు ముగ్గురు జడ్జిల ముందుకు వచ్చింది. మిగతా ఇద్దరు రైవ్స్, లిన్. ఇద్దరినీ వేసింది డెమొక్రాట్ ప్రెసిడెంట్ ట్రూమనే. రైవ్స్ చట్టం చెల్లదన్నారు, లిన్ ఒప్పుకోలేదు. జాన్సన్ రైవ్స్ వైపు నిలిచారు. 2-1. నవంబరులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఎవరు ఎవరిని వేశారో చూసి ఈ తీర్పు ఊహించగలరా?

అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్ లా కాలేజీలో జాన్సన్ సహాధ్యాయి. అయినా 1965లో నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మోంట్‌గొమరీకి చేయదలచిన, వాలెస్ వద్దన్న యాత్రకు జాన్సన్ అనుమతిచ్చారు. అదీ వెంటనే కాదు, విచారణ అయ్యేదాకా ఆగమని ముందు ఉద్యమకారులనే ఆపారు. అదే నాకు బాగా నచ్చుతుంది. 1967లో జాన్సన్ తల్లి ఇంటి మీద బాంబు వేశారు. అదృష్టం, ఆమెకేమీ కాలేదు. ఆయన మాత్రం 1979లో అప్పీల్స్ కోర్టుకు వెళ్ళేదాకా అదే ఊళ్ళో అదే కుర్చీలో కూర్చున్నారు.

ఈ అపోహ వల్ల పోయేది గడువు. దేశం విడిచి వెళ్ళాలన్న తుది ఉత్తర్వు మీద అప్పీల్స్ కోర్టుకు వెళ్ళడానికి ఉండేది 30 రోజులే. "ఫ్రెండ్స్ వేస్ట్ అన్నారు లాయర్ గారూ" అంటూ ఒకాయన ఆ గడువు దాటాక వచ్చారు. అసలు ఆ కోర్టులో మీ కేసు వినే ముగ్గురు ఎవరో పిటిషన్ వేసేనాటికి నాకే తెలియదు, మీ ఫ్రెండ్స్‌కి ఎలా తెలుస్తుంది?

మిగతా అపోహలు గబగబా. ఇమిగ్రేషన్ జడ్జి, ఫెడరల్ జడ్జి ఒకటి కాదు. ఇమిగ్రేషన్ జడ్జి న్యాయశాఖ ఉద్యోగి, పైవాళ్ళు తీసేయగలరు. మీ భయమేదో అక్కడ పెట్టుకుంటే కొంత అర్థముంది. ఫెడరల్ జడ్జిలను ఓట్లేసి ఎన్నుకోరు, అది చాలా రాష్ట్రాల కోర్టుల సంగతి. హార్వర్డ్‌లో చదివి ఉండాలా? రాజ్యాంగం లా డిగ్రీ కూడా అడగదు. జాన్సన్ చదివింది అలబామా యూనివర్సిటీలోనే.